ఫార్మలిన్‌లో వేసిన కండరం నుంచి డీఎన్‌ఏ ప్రొఫైల్ రాలేదు, ఇప్పుడు ఏం చేయాలి?

మొదటి ఏడాది పీజీ:
ఫోరెన్సిక్ మెడిసిన్‌లో చేరి ఏడు నెలలైంది. నీటిలోంచి తీసిన గుర్తు తెలియని శవం. ముఖం పోల్చుకునే స్థితిలో లేదు. తొడ కండరం ముక్కను నేనే కోసి, హిస్టోపాథాలజీకి (సూక్ష్మదర్శినిలో కణజాలం చూసే పరీక్షకు) పంపే అలవాటులో, కణజాలం కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం సీసాలో వేశాను. ప్రొఫైల్ రాలేదని ల్యాబ్ నుంచి ఉత్తరం వచ్చింది. ఒక తల్లి రక్త నమూనా ఇచ్చి ఎదురు చూస్తున్నారు. ఆ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. శవం ఇంకా శీతల గదిలోనే ఉంది.

ఎముకల బల్ల:
శవం ఉందంటే దారి ఉన్నట్టే. పదహారేళ్లుగా ల్యాబ్‌లో ఎముకలు, పళ్లు పొడి చేస్తున్నాను. మీలాంటి సీసాలు ఎన్నో వచ్చాయి, ప్రతిసారీ బాధపడ్డాను.

ఫార్మలిన్ డీఎన్‌ఏను ప్రోటీన్లకు ముడివేస్తుంది. పైగా అందులో ఫార్మిక్ ఆమ్లం పుట్టి, పోగును ముక్కలు చేస్తుంది. మనిషిని గుర్తించడానికి మేము చదివే ఎస్‌టీఆర్ భాగాలు, అంటే డీఎన్‌ఏలో చిన్న వరుస మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు, దాదాపు 100 నుంచి 450 బేస్ జతల పొడవు ఉంటాయి. ముక్కలు అంతకన్నా చిన్నవైతే డీఎన్‌ఏకు ప్రతులు తీసే పీసీఆర్ చేతికి ఏమీ చిక్కదు.

పుచ్చు గానీ పగులు గానీ లేని దంతాలు రెండు తీయండి, దవడ పళ్లయితే మేలు. తొడ ఎముక నడుమ భాగం నుంచి నాలుగైదు సెంటీమీటర్లు కోయండి. కాలి గోళ్లు మరవకండి, వాటిని చాలామంది పట్టించుకోరు! కండ గీకి, ఆరబెట్టి, వేర్వేరు కాగితపు కవర్లలో పెట్టండి. తడిగా ప్లాస్టిక్‌లో మూస్తే బ్యాక్టీరియాకు విందు పెట్టినట్టే. కాలేయం వద్దు, దాని ఎంజైములే దాన్ని ముందు తినేస్తాయి.

ఎముకలో డీఎన్‌ఏ ఖనిజానికి అతుక్కుని దాక్కుంటుంది. అందుకే మేము ఈడీటీఏ అనే రసాయనంతో కాల్షియంను కరిగించి మరీ దాన్ని బయటికి తీస్తాం. నాజీ శిబిరం వైద్యుడు జోసెఫ్ మెంగెలె 1979లో బ్రెజిల్‌లో నీట మునిగి చనిపోయాడు. మారుపేరుతో పాతిపెట్టిన ఆ అవశేషాలను 1985లో తవ్వి తీశారు. 1992లో ఎముకలోని డీఎన్‌ఏను కొడుకు, భార్యల రక్తంతో పోల్చి అతడేనని తేల్చారు. మీ కేసు ఇంకా తాజాది.

కణజాల నిల్వ:
ఇకపై మెత్తటి కణజాలం తీస్తే 95 శాతం ఇథనాల్‌లో గానీ, అడుగున ఉప్పు మిగిలేంత చిక్కటి ఉప్పునీటిలో గానీ వేయండి. లేదా వెంటనే మైనస్ 20 డిగ్రీలలో పెట్టండి. ముక్క చిన్నదిగా ఉంటేనే ద్రవం లోపలిదాకా చేరుతుంది.

మొదటి ఏడాది పీజీ:
తల్లి నమూనా ఉంది కాబట్టి, తల్లి నుంచి పిల్లలకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ సరిపోదా?

ఎముకల బల్ల:
అది కణానికి వందల ప్రతుల్లో ఉంటుంది కాబట్టి, చెడిన నమూనాలోనూ దొరికే అవకాశం ఎక్కువ. కానీ ఆ తల్లి పిల్లలందరికీ, ఆమె తోబుట్టువులకూ మామూలుగా అదే వరుస ఉంటుంది. 'ఈ వంశం కాదు' అని తేల్చడానికి చాలా బలమైనది, 'ఈ మనిషే' అనడానికి ఒక్కటే చాలదు. ముందు పంటితో ఎస్‌టీఆర్ ప్రయత్నించమనండి. తండ్రి ఉంటే ఆయన నమూనా కూడా అడగండి.

ఇంకొక మాట. మొదటి సీసాలో ఫార్మలిన్ ఉందని ల్యాబ్‌కు, దర్యాప్తు అధికారికి రాసి ఇవ్వండి. దాస్తే, నమూనా ఎందుకు విఫలమైందో తెలియక మావాళ్లు రోజులు పోగొట్టుకుంటారు.

మొదటి ఏడాది పీజీ:
ఉత్తరం ఇప్పుడే రాశాను. అనుమతి రాగానే దంతాలు తీస్తాం, ప్రతి కవరు మీదా లేబుల్ నేనే రాస్తాను.