కాంటిలీవర్ బీమ్‌లో బెండింగ్ స్ట్రెస్‌కు షియర్ స్ట్రెస్‌ను నేరుగా కలపవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పైప్ ర్యాక్‌లో ఐఎస్‌ఎంబీ 200ను (200 మిల్లీమీటర్ల ఎత్తున్న ఐ ఆకారపు ఉక్కు బీమ్) 1.5 మీటర్ల కాంటిలీవర్‌గా (ఒక కొస మాత్రమే బిగించిన బీమ్‌గా) వాడుతున్నాము. కొసన 20 కిలోన్యూటన్ల నిలువు లోడ్, పొడవు వెంబడి 50 కిలోన్యూటన్ల కంప్రెషన్ ఉన్నాయి. రెండూ ఫ్యాక్టర్ చేసిన (భద్రతా గుణకంతో పెంచిన) విలువలే. బెండింగ్ స్ట్రెస్ 134.2, యాక్సియల్ స్ట్రెస్ 15.5, వెబ్‌లో (మధ్య నిలువు పలకలో) సగటు షియర్ (కోత) స్ట్రెస్ 17.5 మెగాపాస్కల్స్ వచ్చాయి. మూడూ కూడి 167.2 అని రాస్తే, మా సీనియర్ ఎర్ర సిరాతో కొట్టేశారు కానీ కారణం రాయలేదు. ఎక్కడ తప్పింది?

జవాబు 1:
కొట్టేయడం సరైనదే. బెండింగ్, యాక్సియల్ రెండూ బీమ్ పొడవు దిశలోనే పనిచేస్తాయి కనుక గుర్తులతో సహా కూడవచ్చు: కింది అంచున 149.7 కంప్రెషన్, పై అంచున 118.7 టెన్షన్. షియర్ స్ట్రెస్ దిశ వేరు, అది గరిష్ఠమయ్యే చోటూ వేరు. అంచు ఫైబర్‌లో బెండింగ్ అత్యధికంగా ఉన్నప్పుడు షియర్ సున్నా. న్యూట్రల్ యాక్సిస్ (సెక్షన్ మధ్య రేఖ) దగ్గర షియర్ అత్యధికంగా ఉన్నప్పుడు బెండింగ్ సున్నా. రెండూ ఒకేసారి గట్టిగా ఉండేది వెబ్, ఫ్లాంజ్ (పైనా కిందా ఉండే అడ్డ పలక) కలిసే చోట. అక్కడ నార్మల్ స్ట్రెస్ 135.2, షియర్ 16.0, మొదటిదాని వర్గానికి రెండోదాని వర్గాన్ని మూడింతలు చేసి కూడి వర్గమూలం తీస్తే సమ్మిళిత స్ట్రెస్ 138 వస్తుంది. అది కింది అంచులోని 149.7 కంటే తక్కువ కనుక ఈ బీమ్‌లో అంచుదే పెత్తనం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అలాగైతే ఆ సంధి దగ్గర తనిఖీ ఎప్పుడూ అనవసరమేనా?

జవాబు 1:
కాదండీ. కంప్రెషన్‌ను అలాగే ఉంచి, పొడవు 0.3 మీటర్లకు తగ్గించి, లోడ్‌ను 100 కిలోన్యూటన్లు చేయండి. మూమెంట్ (లోడ్, పొడవుల గుణకారం) మారదు, అంచు స్ట్రెస్ కూడా మారదు. కానీ సంధి దగ్గర షియర్ 80కి చేరి సమ్మిళిత స్ట్రెస్ 194 అవుతుంది. (ఇంత పొట్టి బీమ్‌కు ఈ సూత్రాలు ఉజ్జాయింపే.) ఉక్కు నిర్మాణాల భారతీయ ప్రమాణం ఐఎస్ 800:2007 ప్రకారం ఈ సెక్షన్ షియర్ సామర్థ్యం, 250 గ్రేడ్ ఉక్కుకు, సుమారు 149.6 కిలోన్యూటన్లు. షియర్ అందులో 0.6 వంతు, అంటే 89.7 దాటింది కనుక మూమెంట్ సామర్థ్యాన్ని తగ్గించి తీసుకోవాలి.

జవాబు 2:
పై లెక్క బాగుంది. అయితే కంప్రెషన్ ఉన్నచోట స్ట్రెస్‌లు కూడి ఊరుకుంటే చాలదు. కొసకు పక్క ఆధారం లేకపోతే ప్రభావ పొడవు (బక్లింగ్ లెక్కలో తీసుకునే పొడవు) 3 మీటర్లు, బలహీన అక్షంపై స్లెండర్‌నెస్ (బీమ్ ఎంత సన్నగా పొడుగ్గా ఉందో చెప్పే నిష్పత్తి) సుమారు 140 అవుతుంది. బక్లింగ్‌తో (కంప్రెషన్ వల్ల పక్కకు వంగిపోవడంతో) కూడిన ఇంటరాక్షన్ తనిఖీ, అంటే కంప్రెషన్, బెండింగ్‌లను కలిపి చూసే తనిఖీ, తప్పనిసరి. నాకు అంతకన్నా అనుమానం టార్షన్ (మెలిక) మీదే. పైపు వెబ్ నుంచి 50 మిల్లీమీటర్లు పక్కకు జరిగి కూర్చుంటే 1 కిలోన్యూటన్ మీటర్ టార్క్ పుడుతుంది. వార్పింగ్‌ను (మెలికతో ఫ్లాంజ్‌లు పక్కకు వంగడాన్ని) పక్కనపెట్టి లెక్కించినా ఫ్లాంజ్‌లో షియర్ 114 మెగాపాస్కల్స్ దాకా వస్తుంది. ఐ సెక్షన్ మెలికకు అంత బలహీనం. పైపు షూ (పైపు కింది ఆధారం) వెబ్‌కు సరిగ్గా పైనే వస్తోందో లేదో డ్రాయింగ్‌లో చూసి చెప్పండి.