మోయినా వీపు మీద నల్ల మచ్చలు: జబ్బా? టబ్బు పారబోయాలా?

బొబ్బిలి_గుప్పీ: గుప్పీ చేపపిల్లల మేతకి మేడ మీద టబ్బులో మోయినా (నీళ్లలో ఈదే చిన్న చిన్న జీవులు) పెంచుతున్నాను. మొన్నటిదాకా కిటకిటలాడేవి, ఇప్పుడు పలచబడిపోయాయి. మిగిలినవాటిలో కొన్నిటి వీపు మీద నల్లటి మచ్చ. టెన్షన్‌గా ఉంది.

నాగావళి_ఒడ్డు: పారబొయ్యకు తమ్ముడూ! అవి నిద్ర గుడ్లు. మేత, చోటు బాగున్నంతకాలం అన్నీ ఆడవే, మగదానితో పనిలేకుండా ఆడపిల్లల్నే కంటాయి. ఇరుకైనా, మేత తగ్గినా కొన్ని గుడ్ల నుంచి మగవి వస్తాయి. జతకట్టాక పెట్టే గుడ్డే ఈ నిద్ర గుడ్డు, దానికి గట్టి పెంకు ఉంటుంది, చెరువు ఎండినా చావదు.

పార్వతీపురం_చేపలు: నాకు ఈ మచ్చలు మేత ఎక్కువేసినప్పుడే వచ్చాయన్నా.

నాగావళి_ఒడ్డు: ఈస్ట్ ఎక్కువేస్తే ముందు గుంపు పెరిగిపోతుంది, నీళ్లు పాడవుతాయి. అంటే ఇరుకే కదా.

రాజాం_జువాలజీ: ఇంటర్ పిల్లలకి పాఠం చెబుతుంటాను. తెల్ల సాసర్‌లో రెండు చుక్కలు పోసి భూతద్దంతో చూడండి. చిన్నగా ఉండి, తల ముందు పొడవాటి మీసాలు చాచి ఉన్నదే మగది. వీటి బంధువు డాఫ్నియాలో ఆడా మగా తేడా జన్యువుల్లో ఉండదు. చుట్టూ పరిస్థితి చెడితే తల్లిలో జువెనైల్ హార్మోన్ పనిచేసి గుడ్డు మగదవుతుంది. మగ లక్షణాలు రావడానికి డబుల్‌సెక్స్ అనే జన్యువు కావాలని 2011లో జపాన్ పరిశోధకులు చూపించారు. ఇంకో సంగతి. పత్తిలో తెల్లదోమకి కొట్టే పైరిప్రాక్సిఫెన్ ఆ హార్మోన్‌లాగే పనిచేస్తుంది. అది తగిలితే కడుపునిండా మేత ఉన్నా డాఫ్నియా మగపిల్లల్నే కంటుంది. అందుకే పొలం కాలువ నీళ్లు టబ్బులో పోయొద్దని అందరికీ గట్టిగా చెబుతాను.

బొబ్బిలి_గుప్పీ: మేడం, మాది బోరు నీళ్లే. మరి ఇప్పుడేం చెయ్యాలి?

నాగావళి_ఒడ్డు: సగం నీళ్లు మార్చు. మోయినాని రెండు టబ్బులకి పంచు. పచ్చ నీళ్లు (నాచు పెరిగినవి) మేతగా కొంచెం కొంచెం పొయ్యి. అడుగున పడిన గుడ్లు మాత్రం పారెయ్యకు, నీడలో ఆరబెట్టి కాగితంలో చుట్టి పెట్టు.

పలాస_పాత_చెరువు: వేసవిలో మా ఊరి చెరువు అడుగు మట్టి తెచ్చి నీళ్లలో వేస్తే మోయినా పుట్టాయి. అన్నీ ఆడవేనా?

రాజాం_జువాలజీ: అవునండీ, నిద్ర గుడ్ల నుంచి వచ్చేవి ఆడవే. డాఫ్నియా గుడ్లైతే సరస్సుల అడుగున దశాబ్దాలు ఉండి కూడా పిల్లలయ్యాయి.

బొబ్బిలి_గుప్పీ: అడుగు మట్టి తీసి ఆరబెట్టాను. రెండో టబ్బు కూడా పెట్టేశాను మేడం.