కన్ను, చెయ్యి కలిపితే లెక్క ఎందుకు చెడుతోంది? (అర్జెంటు)

ఎంవీపీ నిద్రలేమి, రాత్రి 1:12
ఎవరైనా మెలకువగా ఉన్నారా అండీ? సాయంత్రం ఆరు నుంచి దీని మీదే కూర్చున్నా. మధ్యలో గంటసేపు కరెంటు పోయింది, అది వేరే గోల. రేపు పదింటికి క్లాసులో చూపించాలి. గట్టు ఎత్తుని కంటితోనూ చేత్తోనూ అంచనా వేసే ప్రయోగం, అందరికీ తెలిసిందే. కంటి అంచనా ఊగిసలాట 2, చేతిది 4. రెండూ కలిపితే 2 కన్నా తగ్గాలి కదా? నాకు 3.2 వస్తోంది. ఎక్సెల్‌లో ర్యాండమ్ అంకెలతో పది వేల వరుసలు వేశా, ఎఫ్9 కొట్టి కొట్టి వేలు నొప్పెడుతోంది. అయినా 3.2 దగ్గరే. దేన్ని ఎంత నమ్మాలో ఆ బరువులు కరెక్టుగానే ఇచ్చాను. తప్పెక్కడ?

క్లుప్తం, 1:15
2 ఏంటి? కిలోలా?

సాగర్‌నగర్ మాస్టారు, 1:31
బాబూ, ముందు మూలం పట్టుకో. మునిమాపు వేళ దారిలో తాడు పడి ఉంటే పాము అని గెంతుతాం. మన వేదాంతులు ఈ ఒక్క ఉదాహరణ మీద ఎంత చర్చ చేశారో! కంటికి అందేది అరకొర. మిగతాది మెదడు తన పాత అనుభవంతో పూరించుకుంటుంది. జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రవేత్త పంతొమ్మిదో శతాబ్దంలోనే ఈ మాట చెప్పాడు: చూడటమంటే మనకి తెలియకుండానే ఊహించడం. పాత నమ్మకాన్నీ కొత్త సాక్ష్యాన్నీ కలిపే లెక్క మాత్రం బేయ్స్ అనే మతగురువుది. ఆయన పోయాక 1763లో అచ్చయింది. వెలుతురు తగ్గేకొద్దీ కంటి మాట చెల్లదు, పాత నమ్మకం మాట చెల్లుతుంది. అందుకే పట్టపగలు అదే తాడు తాడుగానే కనిపిస్తుంది.

ఘాట్‌రోడ్డు, 1:38
మాస్టారు చెప్పింది నిజం. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఎక్కుతుంటే మొన్న పొగమంచు దిగింది. బండి నత్తలా పోతున్నట్టే అనిపించింది, మీటరు చూస్తే 50! ఎక్కడో చదివా, మసకలో మెదడు వేగాన్ని తక్కువ అంచనా వేస్తుందట. లోకంలో చాలావరకు వస్తువులు కదలవు, లేదా మెల్లగా కదులుతాయి అని దాని నమ్మకమట.

క్లుప్తం, 1:40
మాస్టారూ, పాముని తాడనుకుంటే ప్రాణం పోతుంది. తాడుని పామనుకుంటే ఒక గెంతుతో పోతుంది. అది నష్టం లెక్క, చూపు లెక్క కాదు. అతనికి పొద్దున క్లాసు.

సాగర్‌నగర్ మాస్టారు, 1:44
గెంతింది కాలు, నాయనా. ముందు కంటికి పాములా కనబడకపోతే కాలెందుకు గెంతుతుంది?

రెటీనా, 1:52
తమ్ముడూ, నువ్వు అంటున్నది 2002లో ఎర్న్‌స్ట్, బ్యాంక్స్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగమే అనుకుంటా. అందులో కంటికి చూపించే బొమ్మలో కావాలని గందరగోళం పెంచుకుంటూ పోయారు. బొమ్మ స్పష్టంగా ఉన్నంతసేపూ మనుషులు కంటినే నమ్మారు. చెదిరేకొద్దీ చేతి వైపు మొగ్గారు. ఎవరి కొలత ఎంత ఊగిసలాడుతుందో దాని వర్గానికి విలోమంగా బరువు ఇవ్వాలి. నీ 2, 4 ప్రామాణిక విచలనాలైతే (అంటే కొలతలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో ఆ అంకెలు) వర్గాలు 4, 16. కంటికి 0.8, చేతికి 0.2. నువ్వు ఇవే ఇచ్చావా? తిరగేసి కంటికి 0.2 ఇచ్చి ఉంటే ఫలితం 3.22 వస్తుంది. అనుమానం అక్కడే. ఇంకోటి, రెండింటికీ ఒకే ర్యాండమ్ అంకె వాడావా? వాడితే 2.4 రావాలి, కాబట్టి అది కాకపోవచ్చు.

ఎంవీపీ నిద్రలేమి, 1:58
0.8, 0.2 యే అన్నా. ర్యాండమ్ విడివిడిగానే తీశా. అయినా నాకో డౌటు. మెదడు నిజంగా ఇలా వర్గాలు, భాగహారాలు చేస్తుందా? సార్ అడిగితే ఏం చెప్పాలి?

రెటీనా, 2:06
చెయ్యక్కర్లేదు. వెయ్ జీ మా, పూజే అనే పరిశోధకులు, వాళ్ల జట్టు 2006లో ఒక చక్కని దారి చూపించారు. బొమ్మ మసకగా ఉంటే దాన్ని చూసే న్యూరాన్ల (మెదడు కణాల) గుంపు తక్కువ సార్లు టపటపమంటుంది, స్పష్టంగా ఉంటే ఎక్కువ సార్లు. ఆ చప్పుళ్ల లెక్కలోనే ఎంత నమ్మాలన్నది కూడా ఇమిడి ఉంటుంది. కన్ను గుంపునీ చెయ్యి గుంపునీ ఊరికే కూడితే చాలు, గట్టిగా మోగినదానికి బరువు దానంతట అదే పడుతుంది. బజారులో ఇద్దరు ఒకేసారి ధర చెబితే గొంతు పెద్దదాని మాటే మనకి ఎక్కుతుంది చూడు, అలా. న్యూరాన్ల మోత ఒక రకం గణిత నియమానికి లోబడి ఉంటేనే ఇది కుదురుతుంది, సార్‌కి అదీ చెప్పు. ఘాట్‌రోడ్డు గారూ, మీ సంగతి అంత తేలిక కాదు. 2012లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం అసలు పొగమంచులో దూరంగా ఉన్నవే మసకబారతాయి, దగ్గరి రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. అప్పుడు వేగం ఎక్కువ అనిపించి మనుషులు బండి తగ్గిస్తారు. చూపంతా సమంగా మసకైతేనే తక్కువ అనిపిస్తుంది. మీ ముందు అద్దానికి ఆవిరి పట్టిందా?

క్లుప్తం, 2:09
3.2 ఏ ఫంక్షన్‌తో తీశారు?

ఎంవీపీ నిద్రలేమి, 2:11
ఎక్సెల్‌లో వార్ (VAR).

క్లుప్తం, 2:11
అది వేరియన్స్. వర్గమూలం వేయండి.

సాగర్‌నగర్ మాస్టారు, 2:14
దాన్ని తెలుగులో విస్తృతి అంటారు, వేరియన్స్ అంటే ఎవరికి అర్థమవుతుంది? మా ఇంటర్ పిల్లలు వ్యాప్తికీ విస్తృతికీ తేడా తెలియక ఇలాగే మార్కులు పోగొట్టుకునేవాళ్లు.

క్లుప్తం, 2:15
ఎక్సెల్‌కి తెలుగు రాదు మాస్టారూ.

రెటీనా, 2:17
అయ్యో, అవును! 4, 16 ఆ బరువులతో కలిస్తే విస్తృతి సరిగ్గా 3.2. నీ లెక్క మొదటి నుంచీ కరెక్టే. ఒకవైపు విచలనం, ఇంకోవైపు దాని వర్గం పెట్టి పోల్చావు. నా 3.22 దీనికి దగ్గరగా ఉండి నన్నూ పక్కదారి పట్టించింది.

ఎంవీపీ నిద్రలేమి, 2:20
1.79. వచ్చేసింది. ర్యాండమ్ అంకెలు తీసే నార్మ్ ఇన్వ్‌లో విచలనం ఇచ్చి చివర్లో వార్ పెట్టా. ఆ ముక్క ముందే రాయాల్సింది. థ్యాంక్స్ అండీ, పడుకుంటా.

సాగర్‌నగర్ మాస్టారు, 2:24
బాబూ, పాము సంగతి కూడా క్లాసులో చెప్పు.

ఘాట్‌రోడ్డు, 6:47
అద్దానికి ఆవిరి పట్టిన మాట నిజమే. ఏసీ పని చెయ్యట్లేదు.