15 మి.మీ. ఉబ్బులో ముఖశిల్పం: పక్కముఖమా, ఎదురుముఖమా?

పలక_పని: గోడఫలకం మీద అసలు సైజు తల, ఉబ్బు (పలక మీద నుంచి బొమ్మ పైకి లేచే ఎత్తు) 15 మి.మీ. దాటకూడదు. ఏది నయం?

మట్టిముద్ద: పక్కముఖమే. అందులో కుదించాల్సింది తల వెడల్పులో సగం, సుమారు 75 మి.మీ. అంటే ఐదో వంతుకి దిగుతుంది. ఎదురుముఖంలో ముక్కు కొస నుంచి చెవిదాకా దాదాపు 120, అది ఎనిమిదో వంతు. చెంప మీద 25 మి.మీ. లేచే ముక్కు 3కి పడిపోతుంది. పక్కముఖంలో నుదురు, ముక్కు, గడ్డం గీత అసలు కొలతతోనే దిగుతుంది.

నాణేలపిచ్చి: అరుగుదల కూడా చూడండి. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ చివరి ఏళ్లలో వెండి తగ్గించి ముద్రించిన నాణేలపై ఎదురుముఖం ఉండేది. ఎత్తుగా ఉన్న ముక్కే ముందు అరిగి, లోపలి రాగి బయటపడింది. జనం ఆయన్ని ‘రాగిముక్కు’ అని ఎగతాళి చేశారు.

ఉలిమొన: మట్టిముద్ద గారూ, మీ లెక్క అంతటా సమానంగా కుదిస్తేనే వర్తిస్తుంది. అలా చేస్తే ఏ ముఖమైనా చప్పిడే. 15లో 9 మి.మీ. కనుబొమలు, ముక్కు, పెదవులకు ఇచ్చి, మిగతా 6లో చెంప నుంచి చెవిదాకా సర్దాలి. చెవి గీతలా మిగిలినా కన్ను పట్టించుకోదు. నీడ పుట్టేది వాలు మారే చోట, ఒట్టి ఎత్తు వల్ల కాదు. 1417 ప్రాంతంలో ఇటలీ శిల్పి దొనాతెల్లో, సెయింట్ జార్జ్ విగ్రహం పీఠం మీది ఫలకంలో అతి పలుచని ఉబ్బుతోనే దూరపు చెట్లను చూపించాడు. ముప్పాతిక ముఖంలో, అంటే కాస్త పక్కకి తిరిగిన ముఖంలో, చాలామంది చెడగొట్టేది అవతలి కన్నుని. దాన్ని ఇవతలి కన్నంత ఉబ్బుతోనే పెడతారు, ముఖం మెలితిరుగుతుంది.

మట్టిముద్ద: వెలుతురు ఎదురుగా పడితే మీ వాలు నీడలన్నీ మాయం, అంచుగీత ఒక్కటే మిగులుతుంది. అలాగని నీడ కోసం అంచు కింద లోపలికి తవ్వకండి. ప్లాస్టర్ అచ్చు అక్కడ ఇరుక్కుని, తీసేటప్పుడు ముక్కు విరుగుతుంది. అంచును కాస్త బయటికి వాల్చండి. నుదుటి దగ్గర పదునుగా ఉంచి, వెనక జుట్టును పలకలో కలిపేయండి. చుట్టూ ఒకే పదునుంటే అట్టముక్క అంటించినట్టుంటుంది.

నాణేలపిచ్చి: అర్థం ముఖం దిశ నుంచే రాదు. అమెరికా శిల్పి సెయింట్-గాడెన్స్ చేసిన, ‘ట్రెజర్ ఐలాండ్’ రాసిన స్టీవెన్‌సన్ ఫలకంలో ఆ రచయిత మంచం మీద, చేతిలో సిగరెట్‌తో ఉంటాడు. ఎడిన్‌బరా సెయింట్ జైల్స్ చర్చిలో పెట్టిన ఫలకానికి వచ్చేసరికి సిగరెట్ పోయి కలం వచ్చింది, మంచం సోఫా అయింది. రెండింట్లోనూ పక్కముఖమే! చేతికి చోటుంచండి, కానీ చేతిలోని వస్తువు ఉబ్బు ముఖం కంటే 2, 3 మి.మీ. తక్కువే ఉండాలి.

ఉలిమొన: చేయి సరే. కళ్ల ఎడంలోనో, దవడ వెడల్పులోనో పోలిక ఉన్న మనిషిని పక్కముఖంలో ఎవరూ గుర్తుపట్టరు. పలక_పని గారూ, రెండూ చిన్న సైజులో మట్టితో చేసి, దీపాన్ని ఒకసారి పై నుంచి వాలుగా, ఒకసారి ఎదురుగా పెట్టి చూడండి. ఆ గోడకి వెలుతురు ఎటునుంచి వస్తుందో మాత్రం ముందే కనుక్కోండి.