కడపలో విమానం చుట్టు కొట్టి అటువైపు నుంచి ఎందుకు దిగింది?

మొన్న హైదరాబాద్ నుంచి కడపకు ఏటీఆర్ అనే చిన్న విమానంలో వచ్చాను. రన్‌వే కిటికీలోంచి బాగా కనబడుతోంది, నేరుగా దిగితే సరిపోయేది, కానీ కెప్టెన్ దాన్ని దాటిపోయి పెద్ద చుట్టు కొట్టి అటు చివర నుంచి దించాడు. పది నిమిషాలు పోయాయి, పక్కనాయన ప్రొద్దుటూరు బస్సు పోతుందని ఒకటే సణుగుడు. ఇంధనం దండగ కాదా అన్నా?

ఎర్రగుంట్ల అన్న: గాలికి ఎదురుగా దిగాలి తమ్ముడూ. రన్‌వే పక్కన నారింజ రంగు గుడ్డ గొట్టం ఎగురుతుంటుంది చూడు, అది ఎటు ఉబ్బితే గాలి అటు పోతున్నట్టు. వెనక గాలి 10 నాట్లు (గంటకు సుమారు 18 కిలోమీటర్ల వేగం) ఉంటే ఆగడానికి సుమారు 20 శాతం ఎక్కువ దూరం కావాలి, నేల తడిగా ఉంటే ఇంకా.

అడిగినవాడు: మరి 5 నాట్లే అయితే?

రిటైర్డ్ మావ: దిగొచ్చు, పొడి రన్‌వే మీద దిగుతారు కూడా, టైమూ ఇంధనమూ మిగులుతాయి. అయితే 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో ఏమైంది? వాన, వెనక గాలి, విమానం రన్‌వే సగం దగ్గర నేల తాకింది, చివర దాటి లోయలో పడింది, ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు. గాలి ఒక్కటే కారణం కాదులే, కుదరనప్పుడు మళ్లీ పైకి లేపకపోవడమే పెద్ద తప్పు. మీ కెప్టెన్ పది నిమిషాలు ఖర్చు పెట్టాడంటే నాకైతే ముచ్చటేసింది.

అడిగినవాడు: సరే మావా. బస్సు మాత్రం నిజంగానే పోయింది, ఆయన ఇంకా తిడుతూనే ఉంటాడు.