జెమ్ల్యాంకా పైకప్పు: పొయ్యి గొట్టం దగ్గర మంట భయం, అంచుల దగ్గర నీళ్లు. ఏం చేయాలి?

జెమ్ల్యాంకా అంటే బెలారూస్ అడవుల్లో 1941–44లో పార్టిజాన్లు (జర్మన్ సైన్యంతో పోరాడిన గెరిల్లాలు) ఉన్న, నేలలోకి తవ్వి కట్టిన ఇల్లు. ఊళ్లు తగలబడిన రైతులు యుద్ధం అయ్యాక కూడా ఇలాంటివాటిలోనే తలదాచుకున్నారు. అదే పద్ధతిలో అసలు కొలతలతో నమూనా కట్టాలి. పనిముట్లు గొడ్డలి, పార, రంపం మాత్రమే.

గుంట 4 మీటర్ల పొడవు, 3 వెడల్పు, 1.2 లోతు. మెరక మీద ఇసుక నేల, ఊట లేదు. గోడలకు పైన్ దుంగలు, ఇసుక జారకుండా వాటి వెనక కొమ్మల దడి. రెండు నిట్రాళ్ల మీద వెన్నుదూలం, రెండు వైపులా పక్కపక్కనే ఆనించిన 12 సెంటీమీటర్ల వాసాలు. వాటిపై బర్చ్ బెరడు, 30 సెంటీమీటర్ల మట్టి, పైన పచ్చిగడ్డి పెళ్లలు. తడిస్తే ఆ మట్టే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. వాసాలు ఆగుతాయా?

బెరడు గుంట అంచు దగ్గరే ఆగితే నీరు గోడ వెనక్కి దిగుతుంది, తడి ఇసుక దుంగల్ని లోపలికి నెడుతుంది. అంచు దాటి ఎంత దూరం పరవాలి?

అసలు చిక్కు రేకు పొయ్యి గొట్టంతో. చుట్టూ నాచు కూరితే ఎండి అంటుకుంటుంది. బంకమట్టి పెడితే కొయ్య కుంచించుకున్నప్పుడు పగులుతుంది, చినుకులు నేరుగా పొయ్యి మీదే. రేకు పెట్టెలో ఇసుక నింపి అందులోంచి గొట్టం పంపితే సరిపోతుందా? కొయ్యకు ఎంత ఎడం ఉండాలి?

ప్లాస్టిక్ షీటు, సిమెంటు సలహాలు మాత్రం వద్దు. నిట్రాళ్ల మొదళ్లు కాల్చి పాతితే నేలమట్టం దగ్గర కుళ్లు నిజంగా ఆగుతుందా, చేసి చూసినవారు చెప్పగలరు.