ఆగస్టులో కోషియెన్ స్టేడియంకి వెళ్లినవాళ్లు ఉన్నారా?

ఒసాకాకి_కొత్త:
ఆఫీసు పని మీద ఆగస్టులో మూడు వారాలు ఒసాకాలో ఉంటాను. హన్‌షిన్ టైగర్స్ బేస్‌బాల్ మ్యాచ్ ఒకటి చూద్దామని షెడ్యూలు తెరిస్తే, ఆ నెలలో చాలా రోజులు వాళ్లు సొంత గ్రౌండు కోషియెన్‌లో ఆడటమే లేదు! ఏమిటండీ కథ? నాకు క్రికెట్ తప్ప వేరే ఆట రాదు, కాస్త ఓపికగా చెప్పండి.

కోబే_బాబాయ్:
ఆగస్టు కోషియెన్‌లో పిల్లల నెల. హైస్కూల్ జట్ల జాతీయ టోర్నమెంటు 1915లో మొదలైంది. చూడటానికి వచ్చే జనం పట్టక, దానికోసమే హన్‌షిన్ రైల్వే వాళ్లు ఒసాకాకి దగ్గర్లోని నిషినోమియాలో ఒక నది పాయను పూడ్చిన చోట ఈ స్టేడియం కట్టి, 1924 ఆగస్టు 1న తెరిచారు. టైగర్స్ జట్టు పుట్టింది 1935 చివర్లో. కాబట్టి కాగితాల మీద ఎలా ఉన్నా, ముందు నుంచీ ఉన్నవాళ్లు పిల్లలే. టోర్నమెంటు నడిచినన్నాళ్లు టైగర్స్ మూటాముల్లె సర్దుకుని ఊళ్లు తిరగాల్సిందే. ఆ తిరుగుడికి అభిమానులు పెట్టిన పేరు 'చావు రోడ్డు'. ఇప్పుడు కొన్ని మ్యాచ్‌లు ఒసాకాలోని డోమ్‌లో (కప్పున్న స్టేడియం) ఆడుతున్నారు కాబట్టి కొంత నయం. మీరు ఆ డోమ్ తేదీలు చూసుకోండి.

పంచాంగం_పిచ్చి:
కోషియెన్ పేరు గురించి ఒక్క మాట. చైనా, జపాన్ లెక్కల్లోనూ మనలాగే అరవై ఏళ్ల చక్రం ఉంది. అందులో మొదటి ఏడాది పేరే 'కోషి', ఎన్ అంటే తోట. 1924 సరిగ్గా ఆ ఏడాది. మనకి మొదటిది ప్రభవ కదా, అది 1927లో వచ్చింది. 1924లో ఇక్కడ నడిచింది రక్తాక్షి. మన లెక్కన పెట్టి ఉంటే 'రక్తాక్షి తోట' అయ్యేది, పిల్లలు జడుసుకునేవాళ్లు 😄

ఎడమచేతి_వాటం:
టైగర్స్ మ్యాచ్ దొరికితే గాలిని గమనించండి. దగ్గర్లోనే సముద్రం. గాలి ఎక్కువగా కుడి వైపు నుంచి ఎడమ వైపుకి వీస్తుంది. ఎడమచేతి వాటం బ్యాటర్ కుడి వైపుకి లాగి కొట్టిన బంతి, అయిపోయింది హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) అనుకునేలోపు కిందికి జారిపోతుంది. 1985లో టైగర్స్ ఆటగాడు రాండీ బాస్ ఎడమచేత్తో ఆడుతూనే బంతిని అవతలి వైపుకి, గాలితో పాటు పంపడం బాగా వంటపట్టించుకుని 54 హోమ్ రన్లు కొట్టాడు. ఆ ఏడాదే టైగర్స్ తొలిసారి జపాన్ సిరీస్, అంటే అక్కడి ప్రొఫెషనల్ జట్ల ఫైనల్, గెలిచారు. రెండోసారి ఎప్పుడో తెలుసా? 2023లో!
ఇంకోటి, మైదానం మరీ పెద్దదని 1947లో అంచుల దగ్గర లోపలికి ఇంకో కంచె వేశారు. దాన్ని 'లక్కీ జోన్' అనేవాళ్లు. 1991 సీజన్ అయ్యాక తీసేశారు. బౌండరీ తాడు ముందుకి జరపడం మన దగ్గరే అనుకోకండి.

నాగోయా_కోడలు:
మేము రెండేళ్ల కిందట హైస్కూల్ మ్యాచ్‌కి వెళ్లాం. తప్పు నాదే, ముందే చెప్తున్నా. ఎండ భయంతో 2024 నుంచి కొన్ని రోజులు ఆటలు పొద్దున, సాయంత్రం అని విడగొట్టారు, టికెట్లు కూడా వేరువేరు. నేను సాయంత్రం టికెట్ పట్టుకుని పొద్దున్నే వెళ్లి గేటు బయట నిలబడ్డాను. మావారు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.
కానీ లోపలికి వెళ్లాక ఆ టెన్షన్ అంతా పోయింది. పక్క స్టాండ్లను 'ఆల్ప్స్' అంటారు. తెల్ల బట్టల్లో కూర్చున్న జనం మంచు కొండలా కనిపించడంతో వచ్చిన పేరట. ఆయా స్కూళ్ల వాళ్లు అక్కడే బ్యాండు మేళంతో కూర్చుని, తమ జట్టు బ్యాటింగ్ చేస్తున్నంతసేపు ఆపకుండా వాయిస్తారు. సైరన్ మోగితే ఆట మొదలు, మళ్లీ మోగితే అయిపోయినట్టు. ఓడిన పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని మైదానంలోని నల్లమట్టిని గుర్తుగా చేతులతో సంచుల్లోకి ఎత్తుకుంటుంటే, ఎవరి పిల్లలో తెలియకుండానే నాకు ఏడుపొచ్చింది.

సూటిగా_చెప్తా:
ఆ మట్టి సీను టీవీ కెమెరాల కోసం చేసేదే అక్కా. అందరూ చేస్తున్నారని వీళ్లూ చేస్తారు.

కోబే_బాబాయ్:
@సూటిగా_చెప్తా తమ్ముడూ, కొంత అలవాటే, కాదనను. కానీ 1958 సంగతి విను. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవులు అప్పుడు అమెరికా పాలనలో ఉన్నాయి. అక్కడి షురి హైస్కూల్ జట్టు ఒకినావా తరఫున తొలిసారి కోషియెన్‌లో ఆడి, ఓడి, మట్టి తీసుకుని ఓడ ఎక్కింది. నాహా రేవులో అధికారులు బయటి మట్టి లోపలికి రాకూడదని పారవేయించారు. సంగతి తెలిసి ఒక విమాన సంస్థ ఎయిర్ హోస్టెస్‌లు కోషియెన్ గులకరాళ్లు ఏరి ఆ పిల్లలకి పంపారు. రాళ్లకైతే నిబంధన అడ్డు రాలేదు! ఆ రాళ్లు పొదిగిన స్మారకం ఇప్పటికీ ఆ స్కూల్లో ఉంది.
యుద్ధంలో ఈ స్టేడియం ఇనుప కప్పునే 1943లో లోహం కోసం ఊడదీసుకుపోయారు. టోర్నమెంటూ కొన్నేళ్లు ఆగిపోయింది. అలాంటి చోట పిడికెడు మట్టికి విలువ ఉండటంలో వింతేముంది?

సూటిగా_చెప్తా:
రాళ్ల సంగతి తెలియదు బాబాయ్. సరే, ఒప్పుకుంటున్నా, సగం.

ఒసాకాకి_కొత్త:
టైగర్స్ వద్దు, పిల్లల ఆటే చూస్తాను. ఆగస్టు 15 ఖాళీగా ఉంది. ఎలా వెళ్లాలి? గొడుగు తీసుకెళ్లొచ్చా?

నాగోయా_కోడలు:
ఒసాకాలోని ఉమెడా స్టేషన్‌లో హన్‌షిన్ లైను ఎక్కండి, త్వరగా వెళ్లే రైలైతే పావుగంట. స్టేషన్ పేరూ కోషియెనే. సీట్లలో గొడుగు తెరవనివ్వరు, టోపీ, తడి తువ్వాలు పెట్టుకోండి. కప్పు కింద సీటు దొరికితే అదృష్టమే. లేకపోతే సంచిలో పోసి అమ్మే ఐసు ముక్కలు కొని ముందు మెడ మీద పెట్టుకోండి, కరిగాక తాగేయండి. 15న మధ్యాహ్నం 12 గంటలకి మ్యాచ్ ఆపి సైరన్ మోగిస్తారు, యుద్ధంలో పోయినవాళ్ల కోసం. అందరూ లేచి టోపీలు తీస్తారు, మీరూ తీయండి.